నాటేవాళ్లు, కలుపు తీసేవాళ్లు

సినిమా తారలు మొక్క నాటుతున్న ఫొటో చూడని తెలుగు పాఠకుడు ఉండడు. 2018లో అప్పటి రాజ్యసభ సభ్యుడు జోగినపల్లి సంతోష్ కుమార్ మొదలుపెట్టిన గ్రీన్ ఇండియా చాలెంజ్ పుణ్యమా అని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో గుంత తవ్వి, మొక్క పెట్టి, నీళ్లు పోసి, మరో ముగ్గురి పేర్లు చెప్పడం ఒక ఆనవాయితీ అయింది. కొందరు అక్కడితో ఆగలేదు. 2020లో ప్రభాస్ దుండిగల్ దగ్గరి ఖాజీపల్లి రిజర్వు అడవిలో 1,650 ఎకరాలు దత్తత తీసుకుని 2 కోట్ల రూపాయలు ఇచ్చారు. 2022లో నాగార్జున చెంగిచర్ల అడవిలో 1,080 ఎకరాలకు అంతే మొత్తం ఇచ్చి, తండ్రి అక్కినేని నాగేశ్వరరావు పేరిట అర్బన్ పార్కుకు పునాది వేశారు. మంచి పనులే. కానీ ఇన్నేళ్లలో కొడవలి పట్టి లాంటానా కలుపు పొద నరుకుతున్న హీరో ఫొటో ఒక్కటీ నా కంటబడలేదు. ఈ వ్యాసం ఆ రెండో పని గురించి.

ఒక నేల మీద మనిషి చెయ్యి పడకముందు, లేదా ఇంత గట్టిగా పడకముందు, ఏం పెరిగేదో తెలుసుకుని దాన్ని మళ్లీ నిలబెట్టడం ఆ పని. కొన్నిచోట్ల అందుకు మొక్కలు నాటాలి. చాలాచోట్ల తీసేయాలి. దక్కన్ పీఠభూమిలో, ముఖ్యంగా హైదరాబాద్ పడమటి కొండల్లో, ఈ రెండో అవసరమే ఎక్కువని నా అభిప్రాయం. మన ప్రభుత్వ పథకాలు, పౌరసంఘాలు, కోర్టు కేసులు, సినిమావాళ్ల దానధర్మాలు అన్నీ మొదటి అవసరం చుట్టూనే తిరుగుతున్నాయి.

అన్నపూర్ణ స్టూడియో కోసం 1970ల్లో అక్కినేని బంజారాహిల్స్‌లో 22 ఎకరాలు తీసుకున్నప్పుడు అక్కడ బండలు తప్ప ఏమీ లేవని సినిమా చరిత్ర చెప్పేవాళ్లంతా అంటారు. 1960లలో చల్లగళ్ల నరసింహారెడ్డి చొరవతో జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ మొదలైనప్పుడూ ఇదే మాట. మద్రాసు నుంచి పరిశ్రమ తరలివచ్చి ఫిల్మ్‌నగర్ వెలిసినప్పుడూ ఇదే. నా పేచీ ఆ ‘ఏమీ లేవు’ దగ్గరే. దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు మీద జానెడు మట్టి, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగు నెలల్లోనే. అలాంటి నేల మీద దట్టమైన అడవి పెరగదు. మట్టి నిలిచినచోట చీపురు గడ్డి, బోద గడ్డి. బండ నెర్రెల్లో కొండరావి, కొండగోగు. విడివిడిగా మోదుగ, తునికి, రేల, తెల్లతుమ్మ, వేప. వాటి మధ్య రేగు, బలుసు, వాక్కాయ పొదలు. కాస్త పల్లం ఉంటే ఈతచెట్లు. వాటిని నమ్ముకుని కౌజు పిట్టలు, పాలపిట్టలు, ఉడుములు, నక్షత్ర తాబేళ్లు, నక్కలు. బంజారాలు పశువులను మేపుకున్న నేల ఇది. ఊళ్లవాళ్లు మేతకు, గడ్డికి విడిచిన కంచలు దీని చుట్టూ ఉండేవి. ఇది ఖాళీ జాగా ఎలా అవుతుంది? గడ్డీ పొదా చెట్టూ కలిసి, ఎండాకాలం ఎండిపోయి, తొలకరికి లేచే ఒక పూర్తి అడవి ఇది. కాకపోతే గొడుగు లేని అడవి.

ఈ అడవిని గుర్తించని గుడ్డితనం కొత్తది కాదు. వలసపాలనలో అటవీ శాఖకు కలప కావాలి, రెవెన్యూ శాఖకు శిస్తు కావాలి. రెండూ ఇవ్వని నేల బంజరు అయింది. ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. దేశంలోని బంజరు భూముల పటాలు తయారుచేసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన బాలానగర్‌లోనే ఉంది. 2019లో వచ్చిన పటాల ప్రకారం దేశ భూభాగంలో దాదాపు 17 శాతం బంజరు. పొదలున్న నేల, పొదలు పలచగా ఉన్న నేల అందులో పెద్ద పద్దులు. మరోవైపు దేశ అటవీ నివేదిక ఒక హెక్టారులో పది శాతానికి మించి చెట్ల నీడ ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణమే అంటుంది, జాతితో నిమిత్తం లేకుండా. అంటే జామాయిల్ తోట అడవి. సుబాబుల్ తోట అడవి. జింకలు మేసే గడ్డినేల మాత్రం కాదు.

శాస్త్రవేత్తలు మేలుకున్నారు, ఆలస్యంగానైనా. బెంగళూరులోని జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ తదితరులు మనం ఆకురాల్చే అడవులనుకునే వాటిలో చాలా భాగం నిజానికి గడ్డిభూములతో కూడిన సవానాలేనని 2011 నుంచి వాదిస్తున్నారు. ఎం.డి. మధుసూదన్, అబి తమీమ్ వనక్ ఇద్దరూ ఉపగ్రహ చిత్రాలతో ఈ బహిరంగ సహజ నేలలను పటంలోకెక్కించారు. దేశంలో దాదాపు పదో వంతు ఇవే అని తేల్చారు. బంజరు పటాల పక్కన ఈ పటం పెట్టి చూస్తే చాలాచోట్ల ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది.

ఎదురువాదన లేకపోలేదు. ఈ పొదల నేల ఒకప్పటి నిండు అడవి, నరికి, మేపి, తగలబెట్టి ఇలా చేశారు, ఇప్పుడు వదిలేస్తే మళ్లీ అడవి అవుతుంది అనేవాళ్లున్నారు. కొన్ని కొండలకు ఈ మాట నిజమే. కానీ దక్కన్ అంతటికీ ఇదే చెబితే ఒక చిక్కు వస్తుంది. కృష్ణజింక పరుగు చూడండి. బట్టమేక పిట్ట ఎత్తు, దాని చూపు చూడండి. మైళ్ల దూరం కళ్లకు అడ్డం లేని నేలలో తప్ప అలాంటి జీవులు రూపుదిద్దుకోవు. అవి నాలుగైదు వందల ఏళ్లలో పుట్టుకొచ్చేవి కావు. గొడ్డలి కంటే ముందే ఇక్కడ గడ్డి ఉంది.

దీనికి శాస్త్రం దాకా వెళ్లనక్కర్లేదు కూడా. 2014లో తెలంగాణ రాష్ట్రం ఎంచుకున్న చిహ్నాలేమిటి? పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడు. పాలపిట్ట తీగ మీదో ఎండుకొమ్మ మీదో కూచుని బీట్లో పురుగును చూసి దూకే పిట్ట. జమ్మి మెట్టనేల చెట్టు. తంగేడు పొద నీడలో పూయదు. బతుకమ్మకు పేర్చే తంగేడు, గునుగు రెండూ బీడు పూలే. పండగకు ముందురోజు మోండా మార్కెట్లోనో, రైతుబజారులోనో కట్టలు కట్టి అమ్మే ఆ పువ్వులు ఎక్కడో ఇంకా మిగిలిన బీటి నుంచి వస్తున్నాయి. ఆ బీడు మనకు గౌరవం లేని నేల. ఆ పువ్వు గౌరి.

2015 జులైలో చిలుకూరు బాలాజీ గుడి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ హరితహారం ప్రారంభించారు. 230 కోట్ల మొక్కలు, 24 శాతం పచ్చదనాన్ని 33 శాతానికి పెంచడం లక్ష్యం. అంత పెద్ద సంకల్పం దేశంలో అరుదు. ఊరూరా నర్సరీలు పుట్టాయి, రోడ్ల వెంట నీడ వచ్చింది, అది కాదనలేం. అయితే 33 శాతం అనే అంకె ఎక్కడ గడ్డి ఉండాలో ఎక్కడ చెట్టు ఉండాలో అడగదు. త్వరగా పచ్చబడాలి కాబట్టి త్వరగా పెరిగేవే పెట్టారు. రోడ్డు మధ్యన కోనోకార్పస్ వరుసలు అలాగే వచ్చాయి. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువు ముట్టదు. తర్వాత ఉబ్బసం గొడవ, పైపుల గొడవ లేచి ఇక్కడ దాన్ని మానుకున్నారు; గుజరాత్ 2023లో నిషేధమే పెట్టింది. కోనోకార్పస్ ఒక మొక్క పేరు మాత్రమే. ఏ మొక్కయినా పరవాలేదు అనే ఆలోచన దాని వెనుక ఉంది.

ఆ ఆలోచనకు మన దగ్గర చాలా పాత ఉదాహరణ ఉంది. 1870ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర మండలం అటవీ అధికారి బెడ్డోమ్ మెట్ట జిల్లాల్లో వంటచెరకు కోసం ఒక అమెరికా చెట్టు తెప్పించమని రాశాడు. 1877లో గింజలు కడప ప్రాంతానికి చేరాయి. అదే సర్కారు తుమ్మ. ఇవాళ రాయలసీమ చెరువుల్లో, పాలమూరు కుంటల్లో, నల్లగొండ బీళ్లలో అది లేనిచోటు వెతుక్కోవాలి. ఒక ప్రభుత్వం మంచి ఉద్దేశంతో నాటిన మొక్కను నూటయాభై ఏళ్లుగా జనం నరుకుతూనే ఉన్నారు.

ఈ రంగంలో ముందు నడిచినవాళ్లు అమెరికా మధ్య రాష్ట్రాలవాళ్లు. అక్కడ ప్రెయిరీలనే గడ్డి మైదానాలు, అంచుల్లో ఓక్ చెట్లు విడివిడిగా నిలిచిన సవానాలు ఉండేవి. మూలవాసులు ఏటా నిప్పు పెట్టి వాటిని కాపాడుకునేవారు. నాగలి వచ్చాక ఇల్లినాయిలో అసలు ప్రెయిరీ వెయ్యో వంతు కూడా మిగల్లేదు. 1934లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తన వనక్షేత్రాన్ని ప్రారంభించినప్పుడు ఆల్డో లియోపోల్డ్ అనే అటవీ శాస్త్రవేత్త, సాగుచేసి వదిలేసిన పొలంలో మళ్లీ ప్రెయిరీని లేపుదాం అన్నాడు. ఆర్థికమాంద్యంలో ఉపాధి పథకం కింద వచ్చిన కుర్రాళ్లు గడ్డి దుబ్బులు మోసుకొచ్చి పెట్టారు. జాన్ కర్టిస్ అనే వృక్షశాస్త్రవేత్త నిప్పుతో ప్రయోగాలు చేసి, మంట లేకపోతే ఈ గడ్డి బతకదని నిరూపించాడు. అంతవరకూ నిప్పు అంటే అటవీ శాఖలకు శత్రువే.

షికాగో శివార్లలోని అరోరా వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే మనవాళ్లకు పక్క ఊరు బటావియాలోని ఫెర్మీలాబ్ తెలిసే ఉంటుంది. అక్కడ అణుకణాలను పరుగెత్తించిన వలయం మధ్యలో 1975 నుంచి రాబర్ట్ బెట్జ్ అనే ఆచార్యుడు, స్వచ్ఛంద కార్యకర్తలు ప్రెయిరీని పెంచుకొచ్చారు. 1977లో స్టీవ్ ప్యాకార్డ్ షికాగో నది ఉత్తర పాయ వెంట ఆదివారాలు జనాన్ని పోగుచేశాడు. ఉద్యోగులు, టీచర్లు, పింఛనుదారులు. రైలు పట్టాల పక్కన, శ్మశానాల మూలల్లో మిగిలిన గడ్డి గింజలు కోసి తెచ్చి చల్లారు. ఓక్ చెట్ల కింద కమ్ముకున్న విదేశీ పొదలను రంపంతో కోశారు. ఓక్ పిల్లకు ఎండ కావాలి. పొద నీడలో అది మొలవదు.

అక్కడా గొడవ జరిగింది, అదే మనకు పనికొచ్చే భాగం. 1996లో మా అడవిలో చెట్లు నరుకుతున్నారు, మంటలు పెడుతున్నారు అని ఇరుగుపొరుగువాళ్లు తిరగబడ్డారు. కుక్, డ్యూపేజ్ కౌంటీలు పని ఆపించాయి. తర్వాత ఏళ్ల తరబడి సమావేశాలు పెట్టి, ఏ చెట్టు ఎందుకు కొడుతున్నామో బోర్డులు రాసి, దశలవారీగా మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చెట్టును ప్రేమించేవాడికీ అడవిని ప్రేమించేవాడికీ మధ్య వచ్చే తగాదా అది. హైదరాబాద్‌లో ఆ తగాదా ఇంకా మొదలే కాలేదు, ఎందుకంటే రెండోవాడు ఇక్కడ ఇంకా నోరు విప్పలేదు.

మన ఓక్ ఏది? నన్నడిగితే మోదుగ, తునికి. రెండూ మంట తగిలాక వేరు నుంచి మళ్లీ లేస్తాయి. తునికాకు కోతకు ముందు పిలకలు కొట్టించి లేతాకు రప్పించడం ఆకు ఏరే ఆదివాసులకు, అటవీ శాఖకు ఇద్దరికీ తెలిసిన పనే. అంటే చెట్టును కొట్టి బతికించే విద్య మన దగ్గర లేకపోలేదు. అది బీడీ వ్యాపారం లెక్కలో ఉంది, అడవి సంరక్షణ లెక్కలో లేదు.

తెలుగు నేల మీద ఈ పనిని చేసి చూపించినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం 32 ఎకరాల బోడినేలతో మొదలుపెట్టారు. 1992 నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి కల్పవల్లి కొండలను కాపాడుతున్నారు, సుమారు 9,000 ఎకరాలు. అక్కడ వాళ్లు నాటింది తక్కువ, కాపలా కాసింది ఎక్కువ. ఎండాకాలం రాకముందే అగ్గిరేకలు తీస్తారు, ఊరికి ఇంతమంది చొప్పున కాపలా ఉంటారు. ఫలితంగా లేచింది దట్టమైన వనం కాదు. గడ్డి, ఈతలు, పొదలు, వాటి మధ్య వాగులు. గొర్రెలకాపరులకు మేత, ఇంటి కప్పులకు బోద, చీపుళ్లకు గడ్డి, బుట్టలకు ఈతాకు దొరికాయి. తోడేళ్లు కూడా తిరిగే నేల అయింది.

ఆ నేల రెవెన్యూ రికార్డుల్లో బంజరు. 2010 తర్వాత గాలిమరలు వచ్చినప్పుడు అడ్డుచెప్పడానికి కాగితం మీద ఏమీ లేదు. కొండ నెత్తిన రోడ్లు పడ్డాయి, వాలు కోసుకుపోయింది, ఊళ్లవాళ్లు హరిత ట్రైబ్యునల్ గడప ఎక్కారు. గాలిమర శుభ్రమైన కరెంటు ఇస్తుంది, నిజమే. కాని ఇరవై ఏళ్లు ఊళ్లు కాసిన కొండను ఖాళీ జాగా అని రాసిన కలం ఏది? జూబ్లీహిల్స్‌లో బండలు తప్ప ఏమీ లేవని రాసిన కలమే.

ఓడిపోయిన ప్రయత్నం నుంచి నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ. కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు, 614 హెక్టార్లు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన అసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ అక్కడ ఏళ్లపాటు పరిశోధించారు. కంచె వేసి గడ్డిని కాపాడారు. కృష్ణజింకలు పెరిగాయి, పొలాల మీద పడి రైతులకు కంటగింపు అయ్యాయి. చుట్టూ ఉన్న మెట్టచేలకు సాగునీరు వచ్చింది, పంట మారింది, బీళ్లు తగ్గాయి. బట్టమేక బతికేది కంచె లోపలి 614 హెక్టార్లలో మాత్రమే కాదు, దాని చుట్టూ ఉన్న జొన్నచేలలో, బీళ్లలో కూడా. ఆ బయటి నేల పోయాక లోపలి నేల దానికి చాలలేదు. దేశం మొత్తంలో ఇప్పుడు స్వేచ్ఛగా తిరిగే ఆ పిట్టలు 150 కూడా లేవు. రోళ్లపాడులో దాని పేరున్న బోర్డు ఉంది.

కడప లంకమల కథ మరోలాంటిది. 1900 తర్వాత ఎవరి కంటా పడని కలివి కోడి అనే పిట్ట 1986 జనవరిలో అక్కడ మళ్లీ దొరికింది. భరత్ భూషణ్ అనే పరిశోధకుడు వెతుకుతుంటే, స్థానికుడు ఐతన్న రాత్రిపూట దీపం వెలుగులో పట్టి తెచ్చాడు. తర్వాత పి. జగన్నాథన్ బృందం ఆ పిట్ట ఎక్కడ తిరుగుతోందో తెలుసుకోవడానికి మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు చూసింది. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలున్నచోటే అది ఎక్కువగా తిరుగుతోందని తేలింది. అంతకంటే పలచనైనా, చిక్కనైనా వద్దు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన అంకె ఇదే. ఎందుకంటే ఆ పలచదనాన్ని నిలబెట్టింది మేకలూ వంటచెరకూ. మేకలను పూర్తిగా తరిమేస్తే పొద చిక్కబడి పిట్ట పోతుంది. విపరీతంగా మేపితే బోడి అయ్యి పోతుంది. ఆ మధ్య కొలత ఒక చట్టంతో వచ్చేది కాదు, ఏటా చూసుకుంటూ సరిచేసుకోవాల్సిన పని. ఇంతచేసీ తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి దూరింది. గోల పెట్టాక కాలువ దారి మార్చారు.

మేకల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకుర్మలకు 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. లక్షల గొర్రెలు వచ్చాయి. వాటికి మేత నేల ఏది అనే చర్చ మాత్రం గొర్రెల మీద జరిగినంత జరగలేదు. కంచను ఎరిగిన కాపరికి ఏ గడ్డి ఎప్పుడు మేపాలో, ఏ మడి ఎన్నాళ్లు విడవాలో తెలుసు. అడవిని నిలబెట్టే పనికి జీతమిచ్చి పిలవాల్సిన నిపుణుడు అతనే. మనం అతణ్ణి గేటు దగ్గర ఆపుతాం.

ఇక మళ్లీ జూబ్లీహిల్స్. ఇక్కడ అసలు నేలలో చెప్పుకోదగ్గ ముక్క కేబీఆర్ జాతీయ పార్కు. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న నిజాం వారసుడి ఎస్టేటు 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి పేరిట జాతీయ పార్కు అయింది, 142.5 హెక్టార్లు. 600కు పైగా మొక్క జాతులు, 140 రకాల పక్షులు ఉన్నాయని లెక్క. మహానగరం నడిబొడ్డున ఇంతటి నేల దక్కడం గొప్ప అదృష్టం. దాన్ని కాపాడింది పౌరులే. 2016లో చుట్టూ వంతెనల కోసం చెట్లు కొట్టబోతే రోడ్డెక్కారు, హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లి ఆపించారు. 2020లో పార్కు చుట్టూ పర్యావరణ రక్షణ వలయాన్ని నోటిఫై చేస్తే దాని వెడల్పు 3 మీటర్ల నుంచి 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే ఒక కారు అడ్డంగా పెట్టేంత కూడా లేదు. 2024 చివర్లో హెచ్-సిటీ పథకం కింద పార్కు చుట్టూ ఆరు కూడళ్లకు 826 కోట్లతో వంతెనలు, అండర్‌పాస్‌లు అన్నారు, మళ్లీ వివాదం, మళ్లీ కోర్టు.

అన్ని ఉద్యమాలూ ప్రహరీ గోడ దగ్గరే జరిగాయని గమనించండి. గోడ లోపల ఏం జరుగుతోందో అడిగినవాళ్లు తక్కువ. మేత ఆగింది, నిప్పు ఆగింది, కట్టెలు కొట్టడం ఆగింది. బయటి నుంచి వచ్చిన సుబాబుల్, లాంటానా మాత్రం ఆగలేదు. కంచె వేసి వదిలేస్తే ఇలాంటి నేల దాని పాటికి అది బాగుపడదు, చిక్కబడుతుంది. పచ్చగా కనిపిస్తుంది కాబట్టి పొద్దున్నే నడకకు వచ్చేవారికి తృప్తిగానే ఉంటుంది. గడ్డి పోయిన సంగతి కౌజు పిట్టకు తెలుస్తుంది.

బండల కోసం పోరాడినవాళ్లు వేరే ఉన్నారు. 1996లో ఏర్పడ్డ సొసైటీ టు సేవ్ రాక్స్, ఫ్రాకే ఖాదర్, మాజీ ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్ వంటివారి పట్టుదలతో కొన్ని బండలకు వారసత్వ కట్టడాల జాబితాలో చోటు సంపాదించింది. ఫిల్మ్‌నగర్ దగ్గరి మాన్‌స్టర్ రాక్, జూబ్లీహిల్స్‌లో బ్లూక్రాస్ పక్కనున్న టోడ్‌స్టూల్ అందులోవే. కోటల సరసన బండరాయిని నిలబెట్టడం చిన్న విజయం కాదు. కానీ బండ చుట్టూ ఉన్న మట్టి, గడ్డి, పొద జాబితాలోకి రాలేదు. నున్నటి సిమెంటు మధ్యలో ఒంటరి బండ మిగిలితే అది బొమ్మ. బండ మీద జారిన వాన కింద గడ్డిలో నిలిచి, నెర్రెల్లోకి ఇంకడం ఈ కొండల నీటి పద్ధతి. అదే కొండల మీద ఇవాళ బోర్లు ఎండి, ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి కొరియన్ గడ్డి పచ్చికకు పోస్తున్నారు. సొంత గడ్డిని తవ్వి పారేసి, అద్దె గడ్డికి కొన్న నీళ్లు.

2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు ఈ ప్రశ్న అంతా ఒక్కసారిగా వీధిలోకొచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం పడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది, తర్వాత నరికిన చోటును పునరుద్ధరించే ప్రణాళిక ఏదని రాష్ట్రాన్ని నిలదీసింది. విద్యార్థుల ధైర్యానికి దండం పెట్టాలి. అయితే ఆ వాదన సాగిన తీరు చూడండి. ఇది అడవి కాదు అని ప్రభుత్వం, ఇది అడవే అని విద్యార్థులు. కంచ కంచగానే విలువైనది అనడానికి కోర్టులో దారి లేదు. 1996 గోదావర్మన్ తీర్పు అడవికి అండ ఇచ్చింది. వాల్టా చట్టం 2002 నుంచి చెట్టుకు అండ ఇస్తోంది. గడ్డికి అండ ఇచ్చే చట్టం ఒక్కటీ లేదు. అందుకే బతకాలంటే బీడు కూడా అడవి వేషం వేయాల్సి వచ్చింది.

ఆ వేషం ఒకందుకు నన్ను భయపెడుతోంది. పునరుద్ధరణ అని రేపు అక్కడ వరుసగా గుంతలు తీసి వేల మొక్కలు నాటితే, బుల్డోజర్ మొదలుపెట్టినదాన్ని నర్సరీ పూర్తిచేస్తుంది. తేనెతుట్టె కదిపినట్టవుతుందని తెలిసీ చెబుతున్నాను: అక్కడ నాటవద్దు. లేచిన సుబాబుల్ పిలకలు పీకించండి, వానకు వచ్చే గడ్డిని గింజ కట్టనివ్వండి, మోదుగ, తునికి వేర్లు వాటంతటవే లేస్తాయి. కవ్వాల్, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో మన అటవీ శాఖే కలుపు తీసి, మంచి గడ్డి జాతులు పెంచుతోంది, జింకకు మేత ఉంటేనే పులి ఉంటుంది కాబట్టి. శాఖకు చేతకాని పని కాదిది. నగరంలో పులి లేదు కాబట్టి ఎవరూ అడగలేదు, అంతే.

1980లో మొదలై ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తున్న పక్షి పరిశీలకుల సంఘం దగ్గర నలభై ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా వృక్షశాస్త్ర విభాగాలున్నాయి. ఆదివారం పూట చేతికి గ్లవుజులు తొడుక్కుని రావడానికి సిద్ధంగా ఉన్న వేలమంది పొద్దుటి నడకవాళ్లున్నారు. దత్తతకు డబ్బిచ్చే సినిమా కుటుంబాలున్నాయి. వీళ్లందరినీ కలిపే ఒక్క అనుమతి కాగితం కావాలి.

కాబట్టి అటవీ శాఖకు ఒక విన్నపం. కేబీఆర్ పార్కులో ఐదంటే ఐదెకరాలు ఇవ్వండి. నిప్పు వద్దు, చుట్టూ ఊరుంది. సుబాబుల్, లాంటానా తీయనివ్వండి. గడ్డి కోయడానికి కాపరులను కూలి ఇచ్చి పిలవండి. ఒక మడిని ముట్టకుండా పోలికకు ఉంచండి. ఏటా అక్టోబరులో మొక్కలు, పిట్టలు లెక్కపెట్టి ఫలితాన్ని గేటు దగ్గర తెలుగులో అంటించండి. ఐదేళ్లలో గడ్డి రాకపోతే, కౌజు పిట్ట కూయకపోతే, ఈ వ్యాసం తప్పని ఒప్పుకుని ఆ ఐదెకరాల్లో మీకిష్టమైన మొక్కలు నాటుకోండి.